ముక్కలు ఏరుకుంటూ పాత జీపు పికప్‌ను నిలబెట్టడం: కాగితాల నుంచి రోడ్డు దాకా

"అన్నా, పాత మహీంద్రా పికప్ ఒకటి దొరికింది, ఎక్కడ మొదలుపెట్టాలి?" హనుమకొండలో, కాజీపేటలో, ఇటు పరకాల దాకా ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు లేరు. అడిగేసరికే సగంమంది బండి మొత్తం విప్పేసి, క్యాబిన్ పెయింటర్‌కు ఇచ్చేసి ఉంటారు. అక్కడే పని తప్పుదారి పడుతుంది.

నా బండి చాసిస్ (బండి అడుగు చట్రం) పరకాల వైపు ఒక రైతు కొట్టం వెనక దొరికింది, క్యాబిన్ జమ్మికుంటలో, వెనక తొట్టి నర్సంపేటలో. నిలబడడానికి ఆరేళ్ళు పట్టింది. ఇట్లా తలో చోట నుంచి తెచ్చిన ముక్కలతో చేసే బండికి ఒక్క నియమం అన్నింటికన్నా ముఖ్యం: రంగు వేయకముందే బండి మొత్తం ఒకసారి కూర్చి నిలబెట్టాలి. కింద రాసిన వరుస అంతా దానికోసమే.

నేను చెప్పేది జీపు ముక్కు ఉండి, వెనక తొట్టి ఉన్న మహీంద్రా డీజిల్ పికప్ గురించి. మీది మెటాడోర్ అయినా, టాటా మొబైల్ అయినా వరుస మారదు, కొలతలు మారతాయి.

1. ముందు కాగితాలు, తర్వాత ఇనుము

ఆర్సీ అనేది చాసిస్‌ది, క్యాబిన్‌ది కాదు. నాలుగు చోట్ల నుంచి ముక్కలు తెచ్చేవాళ్ళు ఇది గుండెల మీద రాసుకోవాలి. చాసిస్ ఎంత బాగున్నా, దాని మీద కొట్టిన నంబరుకు సరిపోయే ఆర్సీ లేకపోతే కొనకండి. తుక్కు ధరకే వస్తుందని ఆశపడితే ఆ బండి జీవితాంతం షెడ్డులోనే ఉంటుంది.

ఏపీ 36 (వరంగల్), ఏపీ 15 (కరీంనగర్) నంబర్లతో ఉన్న పాత బళ్ళలో చాలావాటికి, అంతకన్నా పాతవాటికి పుస్తకం ఆర్సీలే ఉంటాయి. పరివాహన్ సైట్‌లో నంబరు కొడితే వివరాలు రాకపోతే కంగారు పడకండి, కానీ ఊరికే వదలకండి కూడా. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి పాత రికార్డు ఉందో లేదో, దాన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కిస్తారో లేదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి.

కొనేముందు చూసుకోండి:
- చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర తీసి ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చాలి
- ఆర్సీలో ఉన్న పేరు, అమ్ముతున్న మనిషి ఒకరేనా? చనిపోయిన తండ్రి పేరు మీదుంటే వారసుల పని ముందు పూర్తి కావాలి
- ఫైనాన్స్ ఉంటే కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 (అప్పు తీరిందని రాసిచ్చేది)
- బదిలీకి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. బయటి రాష్ట్రం అయితే ఫారం 28 (అక్కడి ఆఫీసు ఎన్ఓసీ)
- గూడ్స్ బండిగా ఉంటే పన్ను బాకీ, ఫిట్‌నెస్ ఎప్పటి నుంచి లేదు

వేరే ఇంజన్ పెడుతున్నారా? దాని బిల్లు, అది ఏ బండిలోంచి తీశారో ఆ కాగితం తీసుకోండి. ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించాలి, లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతారు.

"వింటేజ్ నంబరు తీసుకోవచ్చా?" అని కూడా అడుగుతున్నారు. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం పెద్దగా మారని, వ్యాపారానికి వాడని టూవీలర్లకు, ఫోర్ వీలర్లకే అది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, డీజిల్, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజూ తిప్పుకోనివ్వరు. నాలుగు బళ్ళ ముక్కలతో చేసినదానికి ఆ దారి కష్టం. మామూలు రెన్యువల్ దారిలోనే పొండి.

2. చోటు, పనిముట్లు

బండి పట్టే చోటు చాలదు. విప్పిన బండి నిలబడ్డ బండికి రెండింతల చోటు తింటుంది. గట్టి సిమెంటు నేల, పైన రేకులు, ఒక పక్క గోడకు అరలు, ఇంత తప్పకుండా ఉండాలి. మట్టి నేల మీద జాకీ కుంగుతుంది. ఇటుకల మీద, సిమెంటు దిమ్మెల మీద బండిని నిలబెట్టి కిందికి దూరకండి, దిమ్మె చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్లు నాలుగు కొనండి. మిగతా ఏదైనా అప్పు తెచ్చుకోవచ్చు, ఇవి మాత్రం సొంతం ఉండాలి.

పానాల విషయంలో చాలామంది దెబ్బతింటారు. జీపు చాసిస్, యాక్సిళ్ళ బోల్టులు ఎక్కువగా అంగుళాల లెక్క, ఈ బళ్ళలో వచ్చే ప్యూజో డీజిల్ ఇంజన్‌వి మిల్లీమీటర్ల లెక్క. ఒకే బండిలో రెండు రకాలు. 5/16 బోల్టు మందం 7.94 మి.మీ., ఎం8 బోల్టు 8 మి.మీ., చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. మరలు మాత్రం వేరు. ఎం8 బోల్టును 5/16 మరలోకి తిప్పితే రెండు చుట్లు మెత్తగా పోయి బిగుసుకుంటుంది, "తుప్పేమో" అనుకుని ఇంకా బలంగా తిప్పుతాం, లోపల మర కొట్టుకుపోతుంది. అట్లాగే 1/2 అంగుళం తలకు 13 నంబరు పానా కొంచెం వదులుగా పడుతుంది. గట్టిగా ఉన్న బోల్టు మీద అది జారిందంటే మూలలు పోయి తల గుండ్రమవుతుంది.

అందుకే రెండు సెట్ల పానాలు, ఒక థ్రెడ్ గేజ్ (మరల కొలత చూసేది), ఒక వెర్నియర్ (మందం కొలిచేది), ఒక టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో చూపే పానా). థ్రెడ్ గేజ్ చాలా చవక, అది కాపాడే మరలు మాత్రం లెక్కలేనన్ని.

3. విప్పే పద్ధతి

తొందరపడొద్దు. విప్పడం అంటే పాడుచేయడం కాదు, బండి ఎట్లా కూర్చారో చదువుకోవడం.

- విప్పకముందు నాలుగు వైపుల నుంచి, కింద నుంచి ఫొటోలు. ప్రతి పైపు, వైరు ఎటు నుంచి ఎటు పోతుందో విడిగా
- ఒక్కో భాగానికి ఒక్కో సంచి, దాంట్లో ఆ భాగం బోల్టులు, వాషర్లు, షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకు బిళ్ళలు) అన్నీ
- సంచిలో కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి పెట్టాలి. స్కెచ్ పెన్ను రాత ఆయిల్ తగిలితే పోతుంది
- ఒక నోటుబుక్: తేదీ, ఏం విప్పారు, ఎన్ని షిమ్‌లు, ఏ వైపు
- పాడైన ముక్కను కూడా పారేయకండి, కొత్తది తెచ్చినప్పుడు కొలత పోల్చడానికి అదే ఆధారం

బిగుసుకున్న బోల్టుకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ పోసి, సుత్తితో తల మీద నాలుగు చిన్న దెబ్బలు వేయండి. పొద్దున మళ్ళీ పోసి, తిప్పేటప్పుడు పావు చుట్టు విప్పి అరపావు బిగించండి, అట్లా ముందుకు వెనక్కు. అప్పటికీ రాకపోతే గ్యాస్‌తో నట్టును వేడి చేయాలి, బోల్టును కాదు. ఆయిల్ తడి ఉండగా, బ్రేకు పైపుల దగ్గర, ట్యాంకు దగ్గర మంట వద్దు.

ట్యాంకు సంగతి గట్టిగా చెప్పాలి. ఖాళీగా ఉంది కదా అని వెల్డింగ్ పెట్టకండి. లోపలి ఆవిరి అంటుకుంటే ట్యాంకు పేలుతుంది. రేడియేటర్లు, ట్యాంకులు చేసే అలవాటున్న మనిషికే ఇవ్వండి, సబ్బు నీళ్ళతో కడిగి అతుకు పెట్టే చోటి దాకా నీళ్ళు నింపి చేస్తాడు.

4. ముక్కలు ఏరడం

ముందు జాబితా, తర్వాత వేట. జాబితా లేకుండా తిరిగితే మూడు స్టీరింగ్ చక్రాలు కొంటారు, ఒక్క బ్రేకు డ్రమ్ము దొరకదు.

మన దగ్గర మొదట వరంగల్ ఆటోనగర్, ఊళ్ళల్లో పాత మెకానిక్‌ల షెడ్ల వెనకవైపులు. కొత్త బేరింగులు, సీళ్ళు, గాస్కెట్లకు సికింద్రాబాద్ రాణిగంజ్. పెద్ద ముక్కలకు విజయవాడ ఆటోనగర్. దూరం పోవాలంటే చెన్నై పుదుపేట ఉంది, జీపుల రేకు భాగాలకైతే ఉత్తరాదిన మండీ డబ్వాలీ పేరు మోసింది.

నేను పాటించే విభజన ఇది: ఇనుపముద్దలు పాతవి కొనొచ్చు, అరిగేవీ రబ్బరువీ కొత్తవే కొనాలి. హౌసింగ్, బ్రాకెట్, చక్రం రిమ్ము, గేర్‌బాక్స్ కేసు, క్యాబిన్ పాతవైనా ఫర్వాలేదు. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లు, సీళ్ళు, బేరింగులు, క్లచ్ ప్లేటు, టైర్లు ఎంత బాగున్నట్టు కనిపించినా పాతవి వద్దు. టైరు పక్క మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. పూలు నిండుగా ఉన్నా పదేళ్ళ టైరు పగిలేదే.

కొనేటప్పుడు మీ పాత ముక్క వెంట తీసుకుపోండి. ఫొటో చాలదు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు ఏళ్ళలో వచ్చిన బళ్ళకు రంధ్రాల దూరాలు, స్ప్లైన్ పళ్ళు (షాఫ్ట్ చివర ఉండే పళ్ళు) మారతాయి.

5. చాసిస్

చాసిస్ వంకర ఉంటే పైన ఎంత చేసినా తలుపు మూసుకోదు. దీనికి మెషీన్ అక్కర్లేదు, మేస్త్రీ వాడే తూకం గుండు చాలు.

చాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద సమంగా పెట్టండి. రెండు వైపులా ఒకే చోటున్న రంధ్రాల నుంచి గుండు వదిలి నేల మీద సుద్దతో చుక్క పెట్టండి, ముందు జత, మధ్య జత, వెనక జత. చాసిస్ పక్కకు తీసేసి చుక్కల మధ్య మూలమూలకు కొలవండి. రెండు మూలల కొలతలకు తేడా 3 మి.మీ. లోపల ఉంటే సంతోషం. 6 దాటితే బెండు తీసేవాళ్ళ దగ్గరికి పోవాల్సిందే.

తర్వాత సుత్తితో అంతటా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచిది, డబ్ మన్న చోట లోపల తుప్పు తినేసింది. కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్ల చుట్టూ, స్టీరింగ్ బాక్స్ బిగించే చోట చీలికలు వెతకండి. బురద గీకి, డీజిల్‌తో తుడిచి, సుద్దపొడి చల్లితే చీలికలోంచి ఆయిల్ ఊరి గీతలా కనిపిస్తుంది.

చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టకండి, శాండ్ బ్లాస్టింగ్‌కు ఇచ్చేటప్పుడు దాని మీద మందపాటి రబ్బరు ముక్క కట్టి ఇవ్వండి. బ్లాస్టింగ్ అయిన ఇనుము వానాకాలంలో ఒక్క రాత్రికే ఎర్రబడుతుంది, ప్రైమర్ అదే రోజు పడాలి.

చిన్న ముక్కల తుప్పుకు ఇంట్లోనే కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, లీటరుకు ఒక చెంచా వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్. మీ ముక్కకు నెగటివ్, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప రేకుకు పాజిటివ్, రెండూ తగలకూడదు. పాజిటివ్‌కు స్టీలు గిన్నె ముక్క వాడొద్దు, విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. అల్యూమినియం ముక్కలకు ఈ పద్ధతి పనికిరాదు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ కూడా వద్దు.

6. ఇంజన్

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజన్‌ను సెల్ఫ్‌తో గానీ, ట్రాక్టర్‌తో లాగించి గానీ తిప్పకండి. రింగు అంటుకుని ఉంటే విరుగుతుంది, సిలిండర్‌లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నాజిళ్ళు (డీజిల్ చిమ్మే మూతులు) తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి మూడు నాలుగు రోజులు వదలండి. తర్వాత ముందున్న పుల్లీ నట్టుకు పొడుగు పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి.

ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్ 2112 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 90 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 83 మి.మీ. విప్పాక బోరును పైన, మధ్యలో, కింద, అడ్డంగా నిలువుగా కొలిపించి కాగితం మీద రాయించుకోండి. "బాగానే ఉంది" అనే మాట కొలత కాదు. క్రాంక్ కొలత కూడా రాశాకే షెల్ బేరింగులు కొనండి, క్రాంక్ ఎంత గ్రైండింగ్ అయితే అంత అండర్‌సైజ్ (అంత మందం ఎక్కువున్న) షెల్స్ పడాలి.

పంపు, నాజిళ్ళు డీజిల్ పంపు షాపులో బెంచ్ మీద పెట్టించండి. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే.

7. గేర్లు, కమాన్లు, బ్రేకులు

గేర్‌బాక్స్‌లో ఇత్తడి రింగులు ఉంటాయి, జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగి పోయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలు కలిపేటప్పుడు రెండు చివరల చెవులు ఒకే వరసలో ఉండాలి, ఒక్క పన్ను తేడా పడినా బండి వణుకుతుంది.

కమాన్ పట్టీలకు రబ్బరు బుష్‌లు ఉంటే వాటి బోల్టులు గాలిలో బిగించొద్దు. బండి చక్రాల మీద నిలబడి బరువు పడ్డాకే చివరి బిగింపు, లేదంటే రబ్బరు మెలితిరిగి నెలల్లోనే చీలుతుంది.

బ్రేకులకు డాట్ 3 లేదా డాట్ 4 ద్రవమే. దాంట్లో ఒక్క చుక్క ఇంజన్ ఆయిల్ కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. పైపులు ఉక్కువే వేయించండి, మూతి రెండు మడతలుగా. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం మొదట: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

8. రంగు లేని కూర్పు

ఇక్కడ నెల పట్టినా ఫర్వాలేదు. నేను మొదటిసారి ఇది దాటేశాను. క్యాబిన్‌కు రంగు అయిపోయి మెరుస్తుంటే ఆగలేక ఎక్కించాను. స్టీరింగ్ రాడ్డు బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి రెండు రంధ్రాలకు వేలెడు తేడా, క్యాబిన్ వేరే ఏడాదిది. బ్రాకెట్ కోసి మళ్ళీ వెల్డింగ్ పెట్టాల్సి వచ్చింది. డ్యాష్‌బోర్డు కింద నుంచి ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉండే రేకు గోడ) దాకా కొత్త రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. అప్పుడు మా ఉస్తాద్ అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "రంగు ఎనుక ఎయ్యొచ్చు, ముందుగాల బండిని నిలబెట్టు."

ప్రైమర్ మీదనే అన్నీ ఎక్కించండి: ఇంజన్, గేర్‌బాక్స్, రేడియేటర్, క్యాబిన్, తలుపులు, బానెట్, తొట్టి, చక్రాలు. రబ్బరు మౌంట్లు కొత్తవి పెట్టండి. పాత రబ్బరు మీద సరిచూస్తే కొత్తది పెట్టాక క్యాబిన్ అర అంగుళం లేస్తుంది, లెక్కలన్నీ మారిపోతాయి.

అప్పుడు చూడాల్సినవి:
- ఫ్యానుకు, రేడియేటర్‌కు మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ
- ఎయిర్ క్లీనర్ మీద బానెట్ పూర్తిగా మూసుకుంటోందా? దాని మీద మట్టి ముద్ద పెట్టి మూసి చూడండి, ముద్ద ఎంత నలిగిందో అదే మీ ఖాళీ
- స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పినా టైరు దేనికీ తగలకూడదు
- క్లచ్, బ్రేకు పెడళ్ళు నేల దాకా అడ్డు లేకుండా పోవాలి
- గేరు రాడ్డు అన్ని గేర్లలో సీటుకు, నేల రంధ్రం అంచుకు తగలకుండా
- తలుపు సందు పైనా కిందా ఒకేలా. కాకపోతే ముందు క్యాబిన్ మౌంట్ కింద షిమ్‌లు, తర్వాతే కీలు వంచడం
- క్యాబిన్‌కు, తొట్టికి మధ్య అంగుళం ఖాళీ; అది లేకపోతే గుంతల రోడ్డులో చాసిస్ మెలితిరిగినప్పుడు రెండూ కొట్టుకుంటాయి
- సైలెన్సర్ పైపు బ్రేకు పైపుకు, వైర్లకు దూరంగా

కొత్త రంధ్రాలు, కొత్త బ్రాకెట్లు, వెల్డింగ్ ఏది కావాలన్నా ఇప్పుడే. వీలైతే ఇంజన్ కూడా ఇదే దశలో ఒకసారి స్టార్ట్ చేయండి. ఆయిల్ కారితే రంగు లేని చాసిస్ మీద కారుతుంది, తుడిస్తే పోతుంది.

ఇదంతా అయ్యాక మళ్ళీ విప్పాలి. చాలామందికి ఇక్కడ మనసొప్పదు, నిలబడ్డ బండిని మళ్ళీ విప్పడమా అని. ఈసారి విప్పడానికి మూడు నాలుగు రోజులే పడుతుంది, ప్రతి బోల్టూ మీ చేతిలో తిరిగినదే కదా.

9. రేకు పని, రంగు

క్యాబిన్ నేలకు 18 గేజ్, తొట్టి నేలకు 16 గేజ్ రేకు. తుప్పు మీద రేకు కప్పి అతకడం వద్దు, రెండింటి మధ్య నీళ్ళు చేరి రెండేళ్ళలో కొత్త రేకూ పోతుంది. మంచి ఇనుము వచ్చేదాకా కోసి అంచుకు అంచు పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్ వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా, ఒకటి ఇక్కడ, తర్వాతది అరడుగు అవతల. ఒకే చోట లాగితే రేకు అలలు లేస్తుంది.

పుట్టీ 2 మి.మీ. దాటితే పగులుతుంది. అంతకన్నా లోతు గుంట ఉంటే అది టింకరింగ్ పని. పుట్టీని నీళ్ళ పేపర్‌తో రుద్దకండి, నీళ్ళు పీల్చుకుని తర్వాత రంగు కింద పొక్కులు తెస్తుంది.

మన వాతావరణానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. వానాకాలంలో గాలి తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. మే మధ్యాహ్నం థిన్నర్ గాలిలోనే ఆరిపోయి రంగు ఇసుకలా పడుతుంది. దగ్గర్లో కల్లాల్లో వడ్లు ఎత్తే రోజులైతే ఆ వారం పని ఆపేయండి, ఆ దుమ్ము తలుపులు మూసినా వస్తుంది. పీయూ (పాలీయురేథేన్) రంగు కొట్టేటప్పుడు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, దాని హార్డ్‌నర్ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. పెయింటర్‌కు సరైన మాస్క్ మీరే కొనివ్వండి.

10. వైరింగ్

పాత వైర్ల కట్ట, అంటే హార్నెస్‌కు టేపులు చుట్టి మళ్ళీ వాడొద్దు. కొత్తది కట్టించండి, హెడ్‌లైట్లకు రిలే, ప్రతి సర్క్యూట్‌కు ఫ్యూజు. రేకు రంధ్రంలోంచి పోయే ప్రతి చోట రబ్బరు గ్రోమెట్.

రంగు వేసిన బండిలో లైట్లు మసకగా వెలిగితే, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మిణుకుమంటే, బల్బులు మార్చకండి. ఎర్త్ పెట్టిన చోట రంగు గీకి, ఇనుము తేల్చి, బిగించి, పైన గ్రీజు పూయండి.

11. మొదటి స్టార్ట్, మొదటి 500 కిలోమీటర్లు

డీజిల్ ఆపే తీగ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి, పది సెకన్లు కొట్టి నిమిషం ఆపుతూ. తర్వాత ఫిల్టర్ దగ్గర, నాజిల్ యూనియన్ల దగ్గర గాలి తీసి అప్పుడు స్టార్ట్ చేయండి.

పక్కన ఒక చదునైన చెక్క పలక పట్టుకుని మనిషిని నిలబెట్టండి. డీజిల్ ఇంజన్ ఒక్కోసారి తనంతట తానే రేస్ అయిపోతుంది, తాళం తీసినా ఆగదు. గాలి పీల్చే మూతికి పలక అడ్డం పెడితేనే ఆగుతుంది. చేయి పెట్టొద్దు, గుడ్డ పెట్టొద్దు, లోపలికి లాగేస్తుంది.

మొదటి తిరుగుడు ఖాళీ రోడ్డు మీద, తెల్లవారుజామున, పది కిలోమీటర్లు. ఇంటికి రాగానే నాలుగు డ్రమ్ములు చేత్తో తాకి చూడండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది.

- 50 కి.మీ. దగ్గర: కమాన్ యూ-బోల్టులు, చక్రం నట్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు మళ్ళీ బిగింపు
- 300 కి.మీ. దగ్గర: ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్పు, పాత ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి మెరుపులున్నాయేమో చూడాలి
- 500 కి.మీ. దాకా: తొట్టిలో బరువు వద్దు, ఇంజన్‌ను గుంజొద్దు, అది దాటాక టాపెట్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గరి సందు) మళ్ళీ చూసి, మాన్యువల్ చెప్తేనే హెడ్ మళ్ళీ బిగించాలి

50 కిలోమీటర్ల బిగింపు మాత్రం వాయిదా వేయకండి. కొత్త రంగు పొర నలిగి యూ-బోల్టులు వదులవుతాయి. నా బండికి వెనక ఎడమ వైపు రెండు నట్లు చుట్టున్నర తిరిగాయి.